బీప్ రానంత మాత్రాన మోటారు పోయినట్టు కాదు

బైరాగిపట్టెడ, తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కట్టమంచిలో ఒక ఇంట్లో సెల్ఫ్ క్లీనింగ్ ఓవెన్ తలుపు బిగుసుకుపోయిందనీ, నీవు వెళ్ళి చూసి లాచ్ మోటారు, అంటే తలుపు గడియను కదిపే మోటారు, కాలిపోయిందని తేల్చి, కొత్తదాని కోసం అడ్వాన్సు కూడా తీసుకున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. మల్టీమీటరును కంటిన్యూటీలో, అంటే తీగ తెగకుండా ఉంటే బీప్ ఇచ్చే అమరికలో, పెట్టినా బీప్ రాలేదన్నది నీవు చూపిన కారణమట. చెన్నైకి ఆర్డరు పెట్టేముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

ఆ మోటారు చుట్ట సన్నని తీగతో వేల చుట్లు చుట్టినది. 230 వోల్టుల మీద నడిచే అంత చిన్న సింక్రనస్ మోటారుకు నిరోధం కొన్ని వేల ఓములు ఉండడమే సహజం. మీటరులోని బజరేమో కొన్ని పదుల ఓముల లోపు ఉంటే తప్ప మోగదు. కాబట్టి మంచి మోటారుకు కూడా బీప్ రాదు. మీటరును 20 కిలో ఓముల స్కేలులో పెట్టి చూడాలి. ఏదో ఒక అంకె నిలకడగా వస్తే చుట్ట తెగలేదన్నమాట. ఎంత పెద్ద స్కేలులో పెట్టినా మీటరు తెరమీద ఎడమవైపు 1 అనే అంకె మాత్రమే మిగిలితేనే తెగినట్టు. బీప్ కోసం వెదకవలసింది మోటారులో కాదు, దాని పక్కనున్న మైక్రో స్విచ్‌లలో, అంటే చిన్న బొత్తాం నొక్కితే పనిచేసే స్విచ్‌లలో.

ఎందుకో చెబుతాను. ఈ ఓవెన్ తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు లోపలి వేడి సుమారు 480 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళి, గోడలకంటిన జిడ్డంతా బూడిదవుతుంది. ఆ వేడిలో ఎవరూ తలుపు తీయకూడదు కనుక, మోడల్‌ను బట్టి దాదాపు 300 డిగ్రీల దిగువకు చల్లారేదాకా గడియ వదలదు. మోటారు ఒక క్యామ్‌ను, అంటే ఒకవైపు ఉబ్బిన చక్రాన్ని, మెల్లగా తిప్పుతుంది, క్యామ్ కొక్కేన్ని లాగుతుంది, అదే క్యామ్ తిరుగుతూ స్విచ్‌ను నొక్కి గడియ ఎక్కడుందో ఓవెన్‌ను నడిపే కంట్రోల్ బోర్డుకు తెలుపుతుంది. నిర్ణీత సమయంలో ఆ కబురు అందకపోతే బోర్డు లాచ్ తప్పు కోడ్ చూపుతుంది. అంటే మోటారు చక్కగా తిరిగినా స్విచ్ మాడిపోతే అదే కోడ్, కొక్కెం వంగినా అదే కోడ్, కనెక్టరు వదులైనా అదే కోడ్.

అందువల్ల పనిముట్లు బయటికి తీయకముందు చెవికి పని చెప్పు. ఎంసీబీని, అంటే ఓవెన్‌కు కరెంటిచ్చే బ్రేకర్ స్విచ్‌ను, పది నిమిషాలు ఆపి మళ్ళీ వేస్తే, చాలా బోర్డులు మేలుకోగానే గడియను మొదటి స్థానానికి తేవడానికి మోటారును ఒకసారి తిప్పిచూస్తాయి. తలుపు పైభాగం దగ్గర చెవి పెట్టు. సన్నగా గుయ్యిమంటూ ఆగకుండా తిరుగుతుంటే అనుమానం స్విచ్ మీద. గుయ్యిమంటూ కదలలేకపోతే కొక్కెం ఎక్కడో పట్టేసిందని. అసలు చప్పుడే లేకపోతే అప్పుడు మోటారూ, దానికి వచ్చే కరెంటూ చూడాలి. శుభ్రత మధ్యలో కరెంటు పోయిందా అని ఆ ఇంటి అమ్మగారిని అడిగావో లేదో నాకు తెలియదు. పోయివుంటే గడియ వేసుకునే ఉంటుంది, అది లోపం కాదు. పూర్తిగా చల్లారాక ఎంసీబీ ఆపి వేస్తే చాలాసార్లు తనంతట తానే వదులుతుంది.

ఓవెన్ లోపలి వేడిని కొలిచి బోర్డుకు చెప్పే సెన్సర్ విషయంలో నేను చేసిన తప్పు నీవు చేయవద్దు. నా చేతికి వచ్చిన ఓవెన్లలో ఎక్కువవాటిలో ఉన్నది సున్నా డిగ్రీల దగ్గర 1,000 ఓములు చూపి, ఆపైన డిగ్రీకి సుమారు 3.85 ఓముల చొప్పున పెరిగే ప్లాటినం సెన్సర్. గది వేడిలో 1,080 నుంచి 1,100 దాకా ఉండాలని పుస్తకంలో ఉంటే, మే నెలలో మన తిరుపతి వంటగదిలో 1,155 వచ్చిందని నేను రెండు మంచి సెన్సర్లను మార్చేశాను. పుస్తకం రాసినవారి గది చల్లని గది. 40 డిగ్రీల గదిలో 1,155 రావడమే సరి. అంతకు మించి వందల ఓములు ఎక్కువ చూపితే మాత్రం, ఓవెన్ ఇంకా కాలుతోందని బోర్డు నమ్మి గడియను పట్టుకునే ఉంటుంది.

తలుపును స్క్రూడ్రైవర్‌తో పెకలించకు. అద్దం పగిలినా, కీలు వంగినా ఆ ఖర్చు నీదే. వడ్రంగి ఇంకా స్క్రూలు బిగించలేదు కనుక నీవు ఓవెన్‌ను అలమరాలోంచి బయటికి లాగగలిగావు. చాలా మోడళ్లలో ఆ స్క్రూలు తలుపు తీస్తేనే కనిపించే పక్కపట్టీలో ఉంటాయి. ఆ స్క్రూలు బిగించివున్న చోట కరెంటు పూర్తిగా ఆపి, ఓవెన్ చల్లారాక, గట్టి తీగను ఉచ్చులా వంచి పైసందులోంచి దూర్చి, కొక్కేన్ని అది వెళ్ళవలసిన వైపుకే మెల్లగా జరపాలి. తెరుచుకున్నాక కొక్కేనికి కుట్టుమిషను నూనె పూయబోకు, ఆ వేడికి మాడి బంకలా పట్టేస్తుంది. అధిక వేడికి తట్టుకునే గ్రీజు మాత్రమే, అదీ చుక్కంత. ఓవెన్ వెనుక గాలి పోవడానికి వడ్రంగి సందు వదిలాడో లేదో కూడా చూడు. ఆ సందు మూసుకుపోతే చల్లబరిచే ఫ్యాను ఉన్నా వేడి బయటికి పోదు, ఈసారి బాగుచేసిన స్విచ్ మళ్ళీ పోతుంది.

రేపు ఉదయమే వెళ్ళి, ఎంసీబీ ఆపి, మోటారు రెండు తీగలూ బోర్డు నుంచి ఊడదీసి 20 కిలో ఓముల స్కేలులో కొలువు. తర్వాత మైక్రో స్విచ్ తీగలు కూడా విడిగా ఊడదీసి, బొత్తాన్ని వేలితో నొక్కుతూ వదులుతూ బీప్ మారుతోందా చూడు. రెండు ఫలితాలూ నాకు పంపిస్తే, ఆర్డరు మోటారుకా స్విచ్‌కా అన్నది మధ్యాహ్నంలోగా తేల్చుకుందాం. అందాకా అడ్వాన్సు ఖర్చుపెట్టకు.

ఇట్లు,
మామయ్య