1933 నాటి కింగ్ కాంగ్, 2005లో వచ్చిన కింగ్ కాంగ్: రెండిట్లో ఏది బాగుంటుంది?

నా ఓటు పాతదానికే. నేను మాత్రం ముందు కొత్తదే చూశాను. పీటర్ జాక్సన్ తీసిన ఆ సినిమా థియేటర్లో చూసి, ఇక దీన్ని మించి ఎవరు తీస్తారులే అనుకున్నాను. పాతది చూడాలన్న ఆలోచన చాలా ఏళ్లకు గానీ రాలేదు.

పాతది చూసిన రోజు పక్కన మా పాప కూడా ఉంది. దానికి పదేళ్లు. బ్లాక్ అండ్ వైట్ అనగానే మూతి ముడిచింది. తీరా కాంగ్ అనే ఆ రాకాసి గొరిల్లా చెట్లు తోసుకుంటూ వచ్చేసరికి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపాగి, "నాన్నా, దాని బొచ్చు అలా కదులుతోందేంటి? గాలి వీస్తోందా?" అని అడిగింది.

గాలి కాదు. ఆ కాంగ్ అడుగున్నర ఎత్తు బొమ్మ. లోపల లోహపు చట్రం, పైన కుందేలు బొచ్చు. ఆ సినిమాకి ట్రిక్ షాట్లు తీసిన విల్లిస్ ఓబ్రయన్ బృందం దాన్ని రవ్వంత కదిపి ఒక ఫ్రేమ్, మళ్లీ రవ్వంత కదిపి ఇంకో ఫ్రేమ్ తీసేవాళ్లు. సెకనుకి 24 ఫ్రేములు. పట్టుకున్న ప్రతిసారీ వేళ్ల కింద బొచ్చు నలిగేది. తెర మీద రేగుతున్నట్టు కనిపించేది అదే. ఇది విన్నాక పాప ఆ సీన్ మూడుసార్లు వెనక్కి తిప్పించింది. "ఇదిగో, ఇక్కడ పట్టుకున్నారు!" అంటూ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది.

కొత్త కాంగ్ బొచ్చులో వంక పెట్టడానికేం లేదు. కంప్యూటర్‌తో చేసిన ఆ కాంగ్‌కి కదలికలు, హావభావాలు నటించి ఇచ్చిన ఆండీ సెర్కిస్ వల్ల ఆ కళ్లలో బాధ కూడా తెలుస్తుంది. కానీ పాతది 100 నిమిషాలు, ఇది 187. కాంగ్ ముఖం చూడ్డానికే గంట దాటుతుంది. పాతదాంట్లో కాంగ్ ఒక్క డైనోసార్‌తో కొట్లాడుతుంది, ఇందులో మూడింటితో. ఒకటి సరిపోయే చోట మూడు పెట్టడం ఈ కాలం సినిమాలకు పట్టిన జబ్బు. కొట్లాట అయ్యాక చచ్చిన డైనోసార్ దవడని కాంగ్ ఆడించి చూసే ముక్క మాత్రం జాక్సన్ వదల్లేదు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

అసలు తేడా జాలి దగ్గర. కొత్తదాంట్లో హీరోయిన్ కాంగ్‌తో స్నేహం చేస్తుంది, ఇద్దరూ మంచు మీద జారుతూ ఆడుకుంటారు. అంటే జాలిపడమని మనకి ముందే చెప్పేస్తున్నారు. పాతదాంట్లో హీరోయిన్ ఫే రే చివరిదాకా భయపడుతూనే ఉంటుంది. కాంగ్ మీద జాలిపడమని ఎవరూ చెప్పరు. అయినా ఎంపైర్ స్టేట్ భవనం మీద తూటాలు తగిలాక, అది ఛాతీ తడుముకుని చేతికంటిన రక్తం చూసుకుంటుంటే నాకు గొంతు పట్టేసింది.

పాతదాని రెండు నిమిషాల క్లిప్పులు చూసి "బొమ్మలాట" అని తేల్చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. పూర్తిగా చూడండి. రంగులద్దిన వెర్షన్ మాత్రం వద్దు. బొమ్మల వెనక కనిపించేలా అద్దాల మీద గీసిన ఆ అడవి లోతు నలుపు తెలుపులోనే తెలుస్తుంది.