టీచరమ్మ జవాబులు: తాజ్‌మహల్ వచ్చింది, ఆకాశమే రాలేదు

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. మా మనవడు సెలవులకొచ్చి నా ట్యాబ్‌లో జిగ్‌సా పజిళ్లు, అదే ముక్కలు జోడించి బొమ్మ చేసే ఆట, పెట్టిచ్చిపోయినాడు. ఈఫిల్ టవర్, చార్మినార్ ఇట్టే పెట్టేస్తున్నా. తాజ్‌మహల్ మాత్రం కట్టడం వరకు వస్తుంది, ఆకాశం దగ్గర ఆగిపోతుంది. మా ఆయన "ఆ ముక్కల్లో ఏముంది" అంటారు. ఉపాయమేదైనా ఉందా? ఇవి ఆడితే మతిమరుపు రాదంటున్నారు, నిజమేనా?

జవాబు: చివరిది ముందు చెప్పేస్తా. మతిమరుపు సంగతి డాక్టరును అడగండి, రిటైరైన డ్రాయింగ్ టీచరును కాదు. ఆడుతుంటే బాగుందా, ఆడండి. మీ ఆయన టీవీ చూసినదానికి మీకు లెక్క చెబుతున్నారా ఏమన్నా?

ఇక తాజ్‌మహల్. పేరున్న కట్టడాల్లో ఇంత మోసకారి బొమ్మ ఇంకోటి లేదు. తెల్ల పాలరాయి, వెనక పాలిపోయిన ఆకాశం, ముందు కాలువ నీళ్లలో మళ్లీ అదే కట్టడం తలకిందులుగా. ముందు ఆట సెట్టింగుల్లో రొటేషన్, అంటే ముక్కలు అటూ ఇటూ తిరిగి రావడం, ఆపేయండి. అప్పుడు ముక్క ఎట్లా కనిపిస్తే అట్లే పెట్టాలి కాబట్టి, గుమ్మటం కొన కిందికి చూస్తోందంటే అది నీళ్లలోది. తరవాత మినార్లను పెద్దది చేసి చూడండి. రాళ్ల అతుకుల వెంట సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. పెద్ద గుమ్మటం మీద అవి లేవు. తెల్ల ముక్కలో నల్లగీతల చట్రం ఉంటే కళ్లు మూసుకుని మినార్ల కుప్పలో వేసేయొచ్చు. పెద్ద వాకిలి చుట్టూ నల్లరాయి పొదిగి రాసిన ఖురాన్ వాక్యాలున్నాయి, ఆ అక్షరాల ముక్కలు ఇంకో కుప్ప.

ఆకాశమంతా ఒకటే నీలం అనుకుంటాం. కాదు. నడినెత్తిన చిక్కగా ఉండి, నేల వైపు దిగేకొద్దీ పలచబడుతుంది. బళ్లో వాటర్ కలర్ నేర్పేటప్పుడు పిల్లలకు మొదటి రోజు వేయించేది ఈ ఆకాశమే: పైన రంగు, కిందికొచ్చేకొద్దీ నీళ్లు. మీరు ఆకాశం ముక్కలన్నీ ఒక పక్కకు లాగి, చిక్కటివి పైకి, పలచటివి కిందికి వరసలు పేర్చండి. ఏ వరసలో వెతకాలో తేలిపోతే ఇక చూడాల్సింది ముక్క అంచుల్లోని బొడిపెలు, గుంతలే. ట్యాబ్ వెలుతురు పూర్తిగా పెంచి చూడండి, తగ్గిస్తే ఈ తేడా కంటికి ఆనదు.

ఎన్ని ముక్కలవి ఆడుతున్నారో రాయలేదు. అడ్డం 12, నిలువు 8 అయితే మొత్తం 96, అందులో 36 అంచు ముక్కలు. అదే 20, 15 పెట్టి 300 చేస్తే అంచులు 66 మాత్రమే, లోపలివి 234. ముక్కలు మూడింతలు దాటినా దారి చూపే అంచులు రెండింతలు కూడా కాలేదు. వంద నుంచి మూడొందలకు దూకినవాళ్లు విసిగిపోయేది ఇక్కడే. 150 దగ్గర కొన్నాళ్లు ఉండండి.

ఈఫిల్ టవర్ మీకు సులువుగా రావడంలో వింతేమీ లేదు. దాని కమ్మీలు ఒక్కోచోట ఒక్కో వాలులో ఉంటాయి. అసలు ఆ టవర్‌నే ముక్కలుగా చేసి తెచ్చి పెట్టారు: 18,038 ఇనుప భాగాలు, వాటిని బిగించే 25 లక్షల రివెట్లు, 1887లో మొదలుపెట్టి 1889కి నిలబెట్టేశారు. ముక్కల్లో ఏముందని మీ ఆయన ఈసారి అడిగితే ఇది చెప్పండి.

ప్రశ్న: మేడమ్, మాది పాకాల. శ్రీకాళహస్తి గాలిగోపురం కూలకముందు దాని ఎదుట అమ్మా నాన్నా దిగిన ఫొటో ఆల్బమ్‌లో ఉంది. దాన్ని పజిల్‌గా చేసి అమ్మకు ఇవ్వొచ్చా?

జవాబు: తప్పకుండా చెయ్యి నాయనా. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గోపురమది, 2010 మే 26న కూలింది. ఇప్పుడున్నది కొత్తగా కట్టి 2017లో కుంభాభిషేకం చేసింది. కాబట్టి అలాంటి ఫొటో ఇక ఎవరూ తీయలేరు. ఆల్బమ్ ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తీసి, వరండాలో నీడపట్టున పెట్టి, ఫ్లాష్ లేకుండా నిటారుగా పైనుంచి ఫోన్లో తీయి. జిగ్‌సా ప్లానెట్ అనే వెబ్‌సైట్‌లో మన ఫొటో ఎక్కించి ముక్కలెన్నో మనమే పెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ల మొహాలు కదా, అందరికీ కనిపించేటట్టు ఉందేమో ఎక్కించేముందు చూసుకో. ముక్కలు మరీ పెంచొద్దు, మీ నాన్న ముక్కు ఒకచోట మీసం ఒకచోట అయితే అమ్మకు నవ్వొస్తుందో కోపమొస్తుందో! గోపురం భాగం తికమక పెడితే మధ్య వాకిళ్లను చూడమను. పైకి పోయేకొద్దీ అంతస్తు వెడల్పూ తగ్గుతుంది, వాకిలీ చిన్నదౌతుంది. వాకిలి కొలతే అంతస్తు గుర్తు.

ప్రశ్న: టీచర్, నేను పుత్తూరులో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఈ పజిళ్లు ఎవరు కనిపెట్టారు? మన ఊళ్ల పజిళ్లు ఎందుకు దొరకవు?

జవాబు: లండన్‌లో మ్యాపులు చేసే జాన్ స్పిల్స్‌బరీ 1760ల్లో మ్యాపును చెక్క మీద అతికించి దేశాల సరిహద్దుల వెంబడి కోసి అమ్మాడు. పిల్లలకు భూగోళం నేర్పడానికి. నువ్వూ చేయొచ్చు పాపా. 2022 ఏప్రిల్ 4న మన తిరుపతి జిల్లా వేరైంది కదా, మండలాల మ్యాపు ప్రింటు తీసి అట్ట మీద అతికించి కత్తిరించు. పుత్తూరు పక్కన ఏ మండలాలున్నాయో చూడకుండా పెట్టగలవా?

మన ఊళ్లవి ఎవరో పెడతారని ఎదురుచూడడమెందుకు? చంద్రగిరి కోటలో రాజమహల్ ఉంది. మూడంతస్తులు, కట్టడంలో కర్ర వాడలేదు, రాయీ ఇటుకా సున్నమే. వరసగా ఒకేలాంటి కమానులు కాబట్టి పజిల్‌కు గట్టి బొమ్మే. ఎండ ఏటవాలుగా పడే పూట తీయి, ఒక్కో కమానులో నీడ ఒక్కో తీరుగా పడి ముక్కలు పోల్చుకోవడానికి ఆధారం దొరుకుతుంది. వెనక కొండ కూడా ఫ్రేములోకి రానీ, ఆకాశం తగ్గుతుంది. శుక్రవారం మాత్రం పోవద్దు, లోపల మ్యూజియానికి సెలవు.