ఆ మాట నీకెవరు చెప్పారమ్మా?

అమ్మలూ,

నువ్వు పంపిన రిపోర్టు మొత్తం చదివాను. ఇంగ్లీషు బాగుంది, గ్రామరు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. కానీ చదువుతున్నంతసేపూ నన్ను ఒకటే ప్రశ్న పీకుతూ ఉంది: ఈ మాట నువ్వంటున్నావా, ఇంకెవరైనా అన్నారా, అన్నవాళ్ళకి ఎలా తెలిసింది? ఏళ్ళ తరబడి డెస్కు దగ్గర కూర్చుని పక్కవాళ్ళ కాపీలు దిద్దినవాణ్ణి, ఈ జబ్బు రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఉత్తరం కాస్త పొడుగే, ఓపిగ్గా చదువు.

తెలుగులో మనకి ఈ బాధ లేదు. "వాడు ఉద్యోగం మానేశాడట" అంటే చాలు, నేను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను అన్న సంగతంతా ఆ చివరి ‘ట’ మోసేస్తుంది. టర్కీ భాషలోనూ క్రియకి ఇలాంటి ప్రత్యయమే ఒకటుంది. ఇంగ్లీషులో అది లేదు. విడిగా ఒక మాటో, చిన్న వాక్యమో పెట్టుకోవాలి, పెట్టకపోతే వాక్యానికి పూచీ మొత్తం నీదే అవుతుంది. మనవాళ్ళు ఆ ‘ట’ లేని లోటు తీర్చుకోవడానికి వాక్యం చివర "ఇట్ సీమ్స్" తగిలిస్తారు. "హీ హాజ్ రిజైన్డ్, ఇట్ సీమ్స్." మనలో మనకి ఇబ్బంది లేదు, కానీ బయటివాళ్ళు అది చదివితే నువ్వేవో ఆనవాళ్ళు చూసి ఊహిస్తున్నావనుకుంటారు. అతని సీటు ఖాళీగా ఉండటం చూసి అనుకున్నావా, అప్పుడు "ఇట్ సీమ్స్ హీ హాజ్ రిజైన్డ్" అను. ఎవరో చెబితే విన్నావా, "ఐ హియర్" అనో "ఐ యామ్ టోల్డ్" అనో అను. "అపారెంట్లీ" ఉందిగా అంటావేమో, అది విన్నదానికీ చెల్లుతుంది, చూసి ఊహించినదానికీ చెల్లుతుంది, అందుకే కబుర్లలో బాగుంటుంది, రిపోర్టులో మాత్రం పెట్టకు.

ఇక "అకార్డింగ్ టు". నీ రెండో పేజీలో "అకార్డింగ్ టు మీ" అని ఉంది. అది ఇతరుల మాట చెప్పడానికి ఉన్న పదబంధం. నీ అభిప్రాయమైతే "ఇన్ మై వ్యూ", "ఐ థింక్", అంతే. "అకార్డింగ్ టు హిజ్ ఒపీనియన్" కూడా వద్దు, "ఇన్ హిజ్ ఒపీనియన్" చాలు. "అకార్డింగ్ టు ది రిపోర్ట్, ఇట్ సేస్ దట్" అని ఒకే పని రెండుసార్లు చెయ్యకు. "హీ టోల్డ్ దట్" అని కూడా ఒకచోట రాశావు, టోల్డ్ తర్వాత ఎవరికి చెప్పాడో ఉండి తీరాలి, ఎవరికన్నది అనవసరమైతే "సెడ్" వాడు. ఇవన్నీ చిన్నచిన్నవి, సాయంత్రానికల్లా దిద్దేస్తావు.

అసలు సంగతి క్రియల దగ్గరుంది. ‘సెడ్’ మళ్ళీ మళ్ళీ వస్తుంటే చదివేవాళ్ళకి విసుగని స్కూల్లో ఎవరో చెప్పి ఉంటారు, అందుకే నువ్వు ఒక వాక్యంలో క్లెయిమ్డ్, ఇంకో వాక్యంలో రివీల్డ్, మూడోదాంట్లో అడ్మిటెడ్ అని మార్చుకుంటూ పోయావు. అవి ఒకదానికొకటి బదులు వచ్చేవి కావు తల్లీ. మేనేజరు నీతో అన్న ఒక్క మాటే తీసుకో, యంత్రాన్ని మార్చిలో పరీక్షించలేదు అని. "సెడ్" అంటే అన్నాడు, అంతే, నువ్వు ఎటూ మొగ్గలేదు. "క్లెయిమ్డ్" అంటే అన్నాడు గానీ నాకు నమ్మకం లేదు అన్నట్టు. "అడ్మిటెడ్" అంటే తప్పు ఒప్పుకున్నాడని, అంటే అది అతని తప్పేనని నువ్వు తీర్పు చెప్పేశావన్నమాట. "పాయింటెడ్ అవుట్" అంటే అది నిజమే, నేనూ ఒప్పుకుంటున్నాను అని. "రివీల్డ్" అంటే అది నిజమని ఒప్పుకోవడంతో ఆగలేదు, ఇన్నాళ్ళూ ఎవరో దాన్ని దాచిపెట్టారని కూడా అన్నట్టు. అతను నోరు తెరిచింది ఒక్కసారే, నీ క్రియని బట్టి అతను సాక్షో, దోషో, అబద్ధాలకోరో అవుతున్నాడు! వికీపీడియా వాళ్ళ శైలి నియమాల్లో జాగ్రత్తగా వాడాల్సిన మాటలని ఒక పేజీ ఉంది. అక్కడా ఇదే చెబుతారు, సెడ్, స్టేటెడ్, రోట్, అకార్డింగ్ టు లాంటివి దాదాపు ఎప్పుడూ తటస్థమే, మిగతావాటితో జాగ్రత్త అని. ‘సెడ్’ ఎన్నిసార్లు వచ్చినా చదివేవాళ్ళ కంటికి ఆనదు, నిశ్చింతగా వాడు. క్లెయిమ్డ్ ఎప్పుడూ వాడొద్దనడం లేదు, అతని మాటకి విరుద్ధంగా కాగితం నీ చేతిలో ఉంటే వాడు, వాడి వెంటనే ఆ కాగితంలో ఏముందో చెప్పు.

"యాజ్" కూడా ఇలాంటిదే. "యాజ్ సోఅండ్‌సో సేస్" అని మొదలుపెడితే ఆ మాటతో నువ్వు ఏకీభవిస్తున్నట్టే లెక్క. రాసి, రెండు పేరాల తర్వాత అదే మాటని ఖండిస్తే చదివేవాడు తికమకపడతాడు. ఖండించబోతున్నదాన్ని "అకార్డింగ్ టు"తో మొదలుపెట్టు.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. పేరా మొదట్లో ఒక్కసారి "అకార్డింగ్ టు ది సర్వే" అని పెట్టి తర్వాత ఆరు వాక్యాలు దాని కిందకే వస్తాయనుకుంటారు. రావు. ఫుల్‌స్టాప్ పడ్డాక వచ్చే వాక్యం నీదా సర్వేదా చదివేవాడికి తెలియదు. అందుకే మధ్యలో "ది సర్వే ఆల్సో ఫౌండ్" అనో, "ది ఆథర్స్ యాడ్" అనో మళ్ళీ గుర్తుచేస్తూ ఉండాలి, నీ సొంత వ్యాఖ్యానం మొదలైనచోట "దిస్ సజెస్ట్స్ టు మీ" అనో ఇంకేదో అనో విడగొట్టాలి. నీ నాలుగో పేజీ మొత్తం ఈ గందరగోళమే.

"స్టడీస్ షో", "ఇట్ ఈజ్ బిలీవ్డ్", "ఎక్స్‌పర్ట్స్ సే" ఇవి కనిపిస్తే నా చెయ్యి దానంతటదే ఎర్ర పెన్ను వైపు పోతుంది. ఏ స్టడీ? ఎవరి నమ్మకం? పేరు చెప్పగలిగితే చెప్పు, లేకపోతే ఆ వాక్యమే తీసెయ్. "సోర్స్: గూగుల్" అని కూడా ఒకచోట పెట్టావు. గూగుల్ దారి చూపించింది, చెప్పింది వేరేవాళ్ళు, వాళ్ళ పేరు కావాలి. ఏఐని అడిగి తెచ్చిన వాక్యానికీ ఇదే వర్తిస్తుంది, అది ఎక్కడినుంచి తెచ్చిందో వెతికి, ఆ మూలం చదివి, దాని పేరు రాయి. వాట్సాప్‌లో "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" అని కింద పెట్టి చేతులు దులుపుకుంటారు చూడు, అందులో మూలం లేదు, పూచీ లేదు, నన్నడక్కండి అన్న మనవి తప్ప ఏమీ లేదు. 2018 నుంచి ఆ యాప్ తనంతట తనే ఫార్వర్డెడ్ అని చూపిస్తోంది, అయినా మనవాళ్ళు ఆ మనవి మానలేదు.

మూలం పట్టుకోవడం అన్నిసార్లూ తేలిక కాదు. మహామహుల భుజాల మీద నిలబడటం వల్లే ఎక్కువ దూరం చూడగలిగానన్న మాట తెలుసుగా, న్యూటన్ 1675లో (ఇప్పటి క్యాలెండరు లెక్కన 1676) తోటి శాస్త్రవేత్త రాబర్ట్ హుక్‌కి రాసిన ఉత్తరంలో అది ఉంది. కాబట్టి "యాజ్ న్యూటన్ రోట్" అంటే తప్పు లేదు. "న్యూటన్ కాయిన్డ్ ది ఫ్రేజ్" అన్నావో, తప్పు. ఆ పోలిక 12వ శతాబ్దంలోనే ఉంది. బెర్నార్డ్ ఆఫ్ షార్త్ర్ అనే ఫ్రెంచి తత్వవేత్త అలా అనేవాడని జాన్ ఆఫ్ సాల్స్‌బరీ అనే ఇంగ్లీషు రచయిత రాశాడు. మనకి దొరికేది జాన్ రాసిందే గనక "అకార్డింగ్ టు జాన్ ఆఫ్ సాల్స్‌బరీ, బెర్నార్డ్ యూజ్డ్ టు సే" అనాలి, లేదా "అట్రిబ్యూటెడ్ టు బెర్నార్డ్" అనాలి. చూశావా, ఒక్క వాక్యానికి ముగ్గురు, ఎవరి వాటా వాళ్ళకి దక్కింది. నువ్వు అసలు పుస్తకం చూడకుండా ఇంకొకరి పుస్తకంలో చదివి రాస్తే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో "యాజ్ సైటెడ్ ఇన్" అని పెట్టాలి, ఇందులో నామోషీ ఏం లేదు. కాలాల సంగతి కూడా చూసుకో, ఏపీఏలో "ఫౌండ్", "హాజ్ షోన్" అని భూతకాలమో పర్ఫెక్టో వాడతారు, ఎమ్మెల్యే పద్ధతిలో వర్తమానం, "ఆర్గ్యూస్" అని. ఎమ్మెల్యే అంటే ఎన్నికలవాడు కాదులే, మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్.

"అలెజెడ్లీ", అంటే ఆరోపణ ప్రకారం అన్న మాట, దాని గురించి ఒక్క ముక్క. అది పెట్టేస్తే కేసులు రావనుకుంటారు, అదేం కవచం కాదు. ఆరోపించింది ఎవరో చెప్పు, ఫిర్యాదులో ఉందా, పోలీసులన్నారా అని. కోర్టు దోషి అని తేల్చాక ఆ మాట అక్కర్లేదు, "ది కోర్ట్ ఫౌండ్" అని నేరుగా రాయొచ్చు.

ఇక నీ చివరి పేజీలో ఆ ఇంజనీరు చెప్పిన విషయం. పేరు రాశావు, హోదా రాశావు, అతను నీతో టీ తాగుతూ చెప్పాడని నువ్వే అన్నావు. పేరు వేసుకోమన్నాడా? అడగలేదనుకుంటా. ముందు ఫోన్ చెయ్యి. సరే అంటే పేరుతోపాటు ఎప్పుడు చెప్పాడో కూడా పెట్టు, వద్దంటే "యాన్ ఇంజనీర్ హూ ఆస్క్డ్ నాట్ టు బి నేమ్డ్" అని రాసి, అతనికి ఆ విషయం ఎలా తెలుసో, అక్కడ పనిచేశాడా, కాగితాలు చూశాడా అన్నది అతని ఆచూకీ బయటపడకుండా ఒక ముక్కలో చెప్పు. రెండూ కుదరకపోతే ఆ పేరా తీసేసి, మిగతాది నాకు శుక్రవారంలోగా పంపు.

మీ పెదనాన్న