ముందు ఏ భూమిని కాపాడాలి? మ్యాపులతో తేల్చే ఉద్యోగానికి దారి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసి విశ్లేషించే విధానం) కోర్సు చేశాను. ఒక ప్రాంతంలో ముందుగా ఏ భూములను సంరక్షించాలో మ్యాపుల ఆధారంగా తేల్చే రంగంలో స్థిరపడాలని ఉంది. ఇంకా ఏయే సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలి?

జవాబు: సాఫ్ట్‌వేర్ల గురించి టెన్షన్ పడకండి. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచీ ఉన్నాయి, 2008లో వాటిని అందరికీ ఉచితం చేశారు. వీటికి తోడు ఆర్ గానీ పైథాన్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష కాస్త వస్తే మొదలుపెట్టడానికి చాలు. కొత్తవాళ్లు తడబడేది వేరే చోట.

చాలామంది అడవి, నీరు, జంతువుల దారులు అంటూ మ్యాపులోని ఒక్కో పొరకు (లేయర్‌కు) మార్కులు వేసి, అన్నీ కూడి, ఎక్కువ వచ్చినచోట ఎర్రరంగు పూస్తారు. మ్యాపు అందంగానే వస్తుంది, నిర్ణయమే తప్పుతుంది. మూడు స్థలాలున్నాయనుకోండి. మొదటిదానిలో 10 అరుదైన జాతులున్నాయి. రెండోదానిలో వాటిలోవే 9. మూడోదానిలో 4 మాత్రమే, కానీ ఆ నాలుగూ మరెక్కడా లేవు. రెండు స్థలాలకే డబ్బుంటే? మార్కుల ప్రకారం మొదటిదీ రెండోదీ కొంటే దక్కేవి 10 జాతులే. మొదటిదీ మూడోదీ కొంటే 14. ఇలా ఎంచుకున్నవాటిలో లేనివాటిని చేర్చే స్థలాన్ని చూసుకోవడాన్నే పరిపూరకత అంటారు. మార్క్సాన్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే, పెట్టిన లక్ష్యాలన్నీ తక్కువ ఖర్చులో తీరే స్థలాల కూర్పును వెతుకుతుంది. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

డేటాను అనుమానించడమూ నేర్చుకోండి. జీవజాతుల రికార్డులు రోడ్ల పక్కనే ఎక్కువగా కనిపిస్తాయి, మనుషులు వెళ్లేది అక్కడికి కాబట్టి. ఖాళీగా ఉన్నచోట జీవులే లేవో, చూసినవాళ్లే లేరో ఫీల్డుకు వెళ్తేగానీ తేలదు.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల ప్రాంతంలో, ఎక్కడ ఏ పని చేయొచ్చో చెప్పే జోన్లను తిరిగి గీయడానికి మార్క్సాన్ వాడారు. సముద్రమే అయినా పద్ధతి ఇదే. 2004లో అమల్లోకి వచ్చిన ఆ ప్లానుతో, చేపల వేట పూర్తిగా నిషేధించిన భాగం 5 శాతం లోపు నుంచి దాదాపు 33 శాతానికి పెరిగింది. మధ్యలో ప్రజల నుంచి 30 వేలకు పైగా వినతులు వచ్చాయి. వాటిని చదవడం, గీతలు సర్దడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే!

పీజీకి జీఐఎస్ కన్నా జీవావరణశాస్త్రం మేలని నా అభిప్రాయం, గణాంకశాస్త్రం పేపర్లున్న కోర్సు చూసుకోండి. ఈలోగా ఉచిత డేటాతో ఒక చిన్న ప్రాంతానికి ప్రాధాన్య మ్యాపు తయారుచేయండి. బడ్జెట్ సగానికి తగ్గితే ఏ స్థలాలను వదులుకోవాలో, ఎందుకో రెండు పేజీల్లో రాసి, రెజ్యూమేతో పాటు పంపండి.