కరోనా లాక్‌డౌన్ ఎత్తేశారు కదా, ఇంకా మాస్కు అవసరమా? మీరు ఏమేం జాగ్రత్తలు పాటిస్తున్నారు?

(2021 జూన్‌లో, తెలంగాణలో లాక్‌డౌన్ ఎత్తేసిన కొద్ది రోజులకు రాసిన జవాబు ఇది.) అవసరమే. నేను పెట్టుకుంటున్నాను, ఇంకొన్ని నెలలు పెట్టుకుంటాను కూడా. "మా వీధిలో నేనొక్కదాన్నే మాస్కుతో తిరుగుతున్నా, అందరూ భయస్తురాలివి అంటున్నారు, నిజంగా ఎక్కువ చేస్తున్నానా?" అని మీరు రాసింది చదివి ఊరుకోలేకపోయాను. ఈ మాట నాకూ రోజూ వినిపిస్తుంది. నల్గొండలో ప్రకాశం బజార్ దగ్గర చిన్న టైలరింగ్ షాపు నాది. జాకెట్లు, డ్రెస్సులు కుడతాను, పీకో ఫాల్ చేస్తాను. మనిషికి దగ్గరగా నిలబడకుండా అయ్యే పని కాదు ఇది, కాబట్టి దీని గురించి చాలా ఆలోచించాల్సి వచ్చింది.

లాక్‌డౌన్ ఎత్తేయడం మంచిదే. షాపు తెరవకపోతే మాకు ఇల్లు గడవదు, మా ఆయన ఆటో తిరగకపోతే కిస్తీ కట్టలేం. కానీ జూన్ 19న లాక్‌డౌన్ ఎత్తేస్తూ తెలంగాణ కేబినెట్ నిర్ణయం రావడానికి పది రోజుల ముందు సంగతి చూడండి. రాష్ట్రమంతా సాయంత్రం దాకా సడలింపు ఇచ్చినప్పుడు మన నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మునుగోడు, నాగార్జునసాగర్ నియోజకవర్గాలకు, అటు సత్తుపల్లి, మధిరకు మాత్రం మధ్యాహ్నం దాకానే ఉంచారు, ఇక్కడ కేసులు ఇంకా అదుపులోకి రాలేదని. అంతలోనే మన ఊళ్లో జబ్బు మాయమైపోదు కదా. కేసులు తగ్గాయి, ఆస్పత్రుల్లో బెడ్లు దొరుకుతున్నాయి, ఆక్సిజన్ కోసం ఊళ్లు తిరగాల్సిన పరిస్థితి పోయింది, అందుకని తెరిచారు. ఇక జాగ్రత్త మనిష్టం అని దానర్థం కాదు. ఇన్నాళ్లు పోలీసులు చూసుకున్న జాగ్రత్త ఇప్పుడు మన మీద పడింది.

అన్ని జాగ్రత్తలూ ఒకే బరువు కాదు, ముందు ఇది తెలుసుకోవాలి. పోయినేడు పాల ప్యాకెట్లు కడిగాం, కూరగాయలు ఉప్పు నీళ్లలో నానబెట్టాం, కొరియర్ డబ్బా ఎండలో పెట్టాం. అవన్నీ చేసి చేసి విసిగిపోయి, చివరికి మాస్కు కూడా వదిలేసినవాళ్లు మా చుట్టూ చాలామంది. ఇది ఎక్కువగా గాలి ద్వారా, దగ్గరగా ఉండి మాట్లాడే మాట ద్వారా అంటుకునే జబ్బు. జ్వరం రాకముందే ఒకటి రెండు రోజుల నుంచి ఎదుటివాళ్లకు అంటించగలం, అసలు లక్షణాలే లేనివాళ్లూ అంటించగలరు. అందుకని ఎక్కడికి వెళ్లినా నేను చూసుకునేది ఇదే: తలుపులు కిటికీలు తెరిచి ఉన్నాయా, ఎంతమంది ఉన్నారు, ఎంతసేపు ఉండాలి, మాస్కు తీయాల్సి వస్తుందా. నాలుగూ చెడ్డగా ఉంటే వెళ్లను. ఖాళీ రోడ్డు మీద నడిచేటప్పుడు నాకు టెన్షన్ లేదు, ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో అరగంట కూర్చోమంటే ఉంది. చేతులు సబ్బుతో కడుక్కోండి, అది ఎప్పుడూ మంచిదే, కానీ మనసంతా దాని మీదే పెట్టకండి.

షాపులో ఏం మార్చానో చెబుతాను. మిషన్ గది లోపల ఉండేది, గుమ్మం పక్కకు జరిపాను. టేబుల్ ఫ్యాన్ గాలి బయటికి పోయేలా కిటికీ వైపు తిప్పి పెట్టాను. కొలతల కోసం టేపు పట్టుకొని మనిషి చుట్టూ తిరిగే పని చాలావరకు మానేశాను, "అక్కా, ఆది జాకెట్ తెచ్చుకోండి, దాన్ని బట్టే కుడతా" అంటాను. సరిగ్గా సరిపోయే పాత జాకెట్ ఒకటుంటే కొత్త కొలతలు అక్కర్లేదు. తప్పదు, పెళ్లికూతురికి కొత్తగా తీయాలి అంటే బయట అరుగు మీద, ఇద్దరం మాస్కుతో, వెనక నిలబడి భుజం, వీపు, చుట్టుకొలత తీస్తాను, ముందు వైపు అవసరమైనవి ఆఖరున త్వరగా తీసేస్తాను. ఆ కాసేపు మాటల్లేవు. మెడ డిజైన్ గురించి, చేతుల పొడవు గురించి ఎంతసేపైనా మాట్లాడదాం, కానీ కొలతలు అయ్యాక, దూరంగా నిలబడి. మనవాళ్లు మాట్లాడేటప్పుడే మాస్కు గడ్డం కిందికి లాగుతారు, సరిగ్గా అప్పుడే అది ముక్కు మీద ఉండాలి.

ఇంకో అలవాటు, కుట్టుపని తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకోవడం, దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించడం. మా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి కూడా నన్ను చూసి అదే చేసేది. ఇప్పుడు సూదులు స్పాంజి ముక్కకు గుచ్చుతున్నాం, దారం కొస కత్తెరతో ఏటవాలుగా కత్తిరిస్తే తడపకుండానే ఎక్కుతుంది. మీ పనిలోనూ ఇలా చెయ్యి నోటి దగ్గరికి పోయే అలవాటు ఏదో ఉంటుంది, వేలు తడిపి నోట్లు లెక్కపెట్టడం లాంటిది, చూసుకోండి.

మాస్కుల గురించి నా వృత్తి కొద్దీ కాస్త ఎక్కువే చెప్పాలి. చీర మీదికి మ్యాచింగ్ మాస్కు కుట్టివ్వమని చాలామంది మిగిలిన జాకెట్ ముక్క తెస్తారు, జార్జెట్, నెట్, షిఫాన్ ఏదైనా. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూపిస్తాను, అవతల ఉన్న ట్యూబ్‌లైట్ స్పష్టంగా కనిపిస్తుంది. అంత పలచటి గుడ్డ దేన్ని ఆపుతుంది? ఆ ముక్క పైన అందానికి వేసి, లోపల నేత దగ్గరగా ఉన్న కాటన్ రెండు పొరలు వేస్తేనే కుడతాను, లేదంటే వద్దని చెబుతాను. దానికంటే కూడా ముఖ్యం అమరిక. జాకెట్ చంకలో వదులైతే ఎలా తెలిసిపోతుందో మాస్కు వదులైతే అలాగే తెలుస్తుంది: కళ్లజోడు మీద ఆవిరి పడుతుంటే ముక్కు పక్కన సందు ఉన్నట్టు, గాలి వదిలితే చెంపల మీద తగులుతుంటే పక్కల సందు ఉన్నట్టు. ముక్కు దగ్గర వంగే తీగ ఉన్నది తీసుకోండి, చెవి ఎలాస్టిక్ సాగిపోతే చిన్న ముడి వేయండి. రద్దీకి వెళ్లేటప్పుడు నేను లోపల సర్జికల్ మాస్కు, దాని మీద గుడ్డ మాస్కు పెడతాను, పైది కిందిదాన్ని చెంపలకు అదిమి పడుతుంది. ఎన్95 అయితే ఒక్కటి చాలు, దాని మీద ఇంకోటి వద్దు. గుడ్డవి రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. వానకో చెమటకో తడిసిపోతే మార్చడానికి బ్యాగులో ఇంకోటి ఉంచుకోండి.

అన్నిటికంటే కష్టం ఫంక్షన్లు. మే నెలలో 40 మందికే పర్మిషన్ అన్నప్పుడు వాయిదా వేసుకున్న పెళ్లిళ్లన్నీ ఆషాఢం రాకముందే చేసేయాలని ఇప్పుడు వరసపెట్టి వస్తున్నాయి. నా పని కూడా వాటి మీదే నడుస్తోంది, పిలిచేవాళ్లు నా గిరాకీలే. పెళ్లిలో ప్రమాదం అక్షింతల దగ్గర కంటే భోజనాల దగ్గర ఎక్కువ. అందరూ మాస్కులు తీసి, పక్కపక్కన కూర్చొని, బ్యాండు చప్పుడుకు గట్టిగా మాట్లాడుతూ తింటారు. కాబట్టి వెళ్తాను, అక్షింతలు వేస్తాను, కట్నం చదివిస్తాను, తినకుండా వస్తాను. ఇంటి ముందు టెంటు వేసి చేస్తే ఇంకాస్త సేపు ఉంటాను, మూసేసిన ఏసీ హాలైతే ఉండను. అక్కడికెళ్లాక చెబితే మనసు నొచ్చుకుంటారు, ముందురోజే ఫోన్ చేసి "వదినా, మా అత్తమ్మకు షుగర్ ఉంది, దీవించి వెళ్లిపోతా, ఏమనుకోకు" అంటే ఇంతవరకూ ఎవరూ కోపం తెచ్చుకోలేదు. ఒకరిద్దరు "మాకూ గట్లనే ఉంది, నువ్వు చెప్పినవ్, మేం చెప్పలేకపోతున్నం" అన్నారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఏప్రిల్‌లో దేవరకొండ వైపు మా బంధువుల ఊళ్లో దశదినకర్మకు పోయినవాళ్లలో చాలామందికి వారం తిరక్కుండా జ్వరాలు వచ్చాయి. టైఫాయిడ్ అనుకొని ఊళ్లోనే గ్లూకోజ్ ఎక్కించుకుంటూ కూర్చున్నారు, టెస్టు మాట ఎత్తితే "మమ్మల్ని ఊరోళ్లు దగ్గరికి రానియ్యరు" అన్నారు. మా మేనమామకు ఆక్సిజన్ పడిపోయే దాకా ఎవరూ కదల్లేదు. హైదరాబాద్ తీసుకెళ్తే బతికి వచ్చాడు, కానీ పొలం గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఇప్పటికీ ఆయాసం. ఆయన వయసు కూడా ఎక్కువేం కాదు.

మా ఆయన ఆటోకు వాన రోజుల్లో పరదాలు దించేస్తారు, అప్పుడు లోపల గాలి ఆడదు. ఒకవైపు దించి రెండో వైపు సగం ఎత్తి ఉంచమని చెప్పాను, ఎక్కినవాళ్లు కాస్త తడిసినా పర్వాలేదు. బస్సులో నేనైతే కిటికీ సీటు చూసుకుంటాను.

టీకా సంగతి. ఒక డోసు వేయించుకొని "అయిపోయింది" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 2021 జూన్ నాటికి కొవిషీల్డ్‌కు రెండో డోసు 12 నుంచి 16 వారాలకు ఇచ్చేవారు, కొవాగ్జిన్‌కు 4 నుంచి 6 వారాలకు. రెండోది పడ్డాక కూడా పూర్తి రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా అంటుకోవచ్చు, కానీ ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. 2021 జూన్ 21 నుంచి 18 ఏళ్లు దాటినవాళ్లందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేశారు. పిల్లలకు అప్పటికి టీకా ఇంకా రాలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లందరికీ రెండు డోసులూ పూర్తయ్యాక నేను మొదట వదిలేది బయట అరుగు మీద మాస్కు, ఆఖరున వదిలేది బస్సులో మాస్కు.

ఎవరైనా "ఏం గాదు తియ్" అంటే వాదన పెట్టుకోకండి. "నాకు అలవాటైపోయింది" అని నవ్వి ఊరుకోండి, అంతకంటే మీ ఓపిక ఖర్చు చేయొద్దు. జ్వరం, ఒళ్లునొప్పులు, వాసన తెలియకపోవడం లాంటివి వస్తే మాత్రం ఎవరేమనుకుంటారోనని దాచకండి, టెస్టు చేయించుకొని వేరే గదిలో ఉండండి, ఆశా వర్కర్‌కు చెప్పండి. స్టెరాయిడ్లు సొంతంగా మింగొద్దు, డాక్టర్ రాస్తేనే. ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ (వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ చూసే చిన్న పరికరం) ఉంటే రోజుకు రెండు మూడు సార్లు చూసుకోండి, ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఆషాఢం వస్తోంది కదా, ముదురుగా పండిన గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్న వేలికి పెడితే రీడింగ్ తప్పు చూపించొచ్చు, కాబట్టి గోరింటాకు పెట్టుకునేటప్పుడు ఒక వేలు వదిలేయండి.