కారుతున్న నీటి కబురు ఎవరు చెప్పాలి?

ప్రశ్న: గత వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మా అమ్మాయి ఇంట్లో రెండు నెలలు ఉన్నాను. ఒకరోజు అక్కడి నీటి సంస్థ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. మూడు రోజులుగా మీ ఇంట్లో నీటి వాడకం ఒక్క గంట కూడా ఆగలేదు, ఎక్కడైనా లీకు ఉందేమో చూసుకోండి అని దాని సారాంశం. వెతికితే మేడ మీది బాత్‌రూములో ఫ్లష్ ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత సరిగా కూర్చోవడం లేదు. హైదరాబాద్‌లో మా ఇంటికీ మీటరు ఉంది. ఇలా హెచ్చరించి తీరాలని నీటి సంస్థలను కట్టడి చేసే చట్టం మన దగ్గర ఉందా? లేకపోతే తేవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, అలాంటి చట్టం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. మీ అమ్మాయికి వచ్చిన సందేశం కూడా అక్కడి సంస్థ నడుపుతున్న ఒక సేవలో భాగమే. అక్కడి మీటర్లు గంటగంటకూ నమోదైన వాడకాన్ని సంస్థకు చేరవేస్తాయి. ఎంత పెద్ద కుటుంబమైనా అర్ధరాత్రి దాటాక కాసేపైనా నీళ్లు ముట్టుకోదు కనుక, వరుసగా మూడు రోజులు ఏ గంటలోనూ వాడకం సున్నాకు రాలేదంటే ఎక్కడో కారుతున్నదని సంస్థ అనుమానించి కబురు పెడుతుంది. 2022లో స్మార్ట్ మీటర్లు బిగించడం మొదలుపెట్టిన సింగపూర్‌లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది.

చట్టాల సంగతి వేరు. ఇంటి యజమానికి చెందిన గొట్టంలో నీరు వృథా అవుతుంటే బాగుచేయించుకోమని నోటీసు ఇచ్చే అధికారాన్ని ఇంగ్లండులో 1991 నాటి నీటి పరిశ్రమ చట్టం, 75వ సెక్షను ద్వారా, నీటి సంస్థలకు ఇచ్చింది. కాలిఫోర్నియా 2015లో చేసిన చట్టమేమో, పట్టణ నీటి సంస్థలు తమ సొంత గొట్టాల్లో పోగొట్టుకుంటున్న నీటికి ఏటా లెక్క చూపాలన్నది. రెండూ అవసరమైనవే. అయితే మొదటిది సంస్థ చేతికి అధికారం ఇచ్చింది, రెండోది సంస్థ చేత ప్రభుత్వానికి లెక్క చెప్పించింది. మా ఇంట్లో కారుతున్నదని మీ మీటరుకు తెలిసినప్పుడు నాకెందుకు చెప్పలేదని సంస్థను నిలదీసే హక్కు ఆ రెండు నిబంధనల వల్లా ఇంటివారికి రాలేదు. మీరు అడుగుతున్నది ఆ హక్కు గురించే.

శాన్‌ఫ్రాన్సిస్కో పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి హైదరాబాద్‌లో పెడితే మాత్రం పనిచేయదు. అక్కడ గొట్టంలో రాత్రింబగళ్లు నీళ్లుంటాయి. మన చాలా బస్తీల్లో, కాలనీల్లో రోజు విడిచి రోజు కాసేపు వదులుతారు. ఆ నీరు మీటరు దాటి సంపులో పడుతుంది, సంపు నుంచి మోటారుతో మేడ మీది ట్యాంకుకు ఎక్కుతుంది. మీ ఫ్లష్ ట్యాంకు రాత్రంతా కారినా గేటు దగ్గరి మీటరు కదలదు, దానికి తెలిసేదల్లా మర్నాడు సంపు ఎంత ఖాళీగా ఉన్నదన్నదే. కనుక ఇక్కడ గమనించవలసింది అర్ధరాత్రి వాడకాన్ని కాదు, నీళ్లు వదిలిన ప్రతిసారీ సంపులో పడిన మొత్తాన్ని. బోరు నీళ్లు కూడా అదే సంపులోకి వదిలే ఇళ్లలో ఈ లెక్క కూడా తప్పుతుంది. ఆ అలవాటు చాలా ఇళ్లలో ఉన్నదే.

అయినా హెచ్చరిక వృథా ప్రయాస కాదు. ఫ్లష్ ట్యాంకు నుంచి కారే సన్నని ధార రెండు నిమిషాలకు ఒక లీటరు సీసాను నింపుతుందనుకోండి. గంటకు 30 లీటర్లు, రోజుకు 720, నెలకు 21,600 లీటర్లు. 2021 జనవరిలో హైదరాబాద్‌లో మొదలైన పథకం కింద ఒక ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చేది 20,000 లీటర్లు. అంటే ఇంట్లో ఎవరూ గుక్కెడు నీళ్లు తాగకపోయినా, చెవి పెట్టి వింటే తప్ప వినిపించని ఆ ధార ఒక్కటే ఉచిత కోటాను దాటేస్తుంది. అక్కంపల్లి నుంచి కృష్ణా నీటిని, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీటిని ఇంత దూరం పంపులతో తోడి తెచ్చేది ఇందుకు కాదు.

స్మార్ట్ మీటర్లు వచ్చేదాకా చట్టాన్ని ఆపనక్కరలేదని నా అభిప్రాయం. రీడింగు తీసే ఉద్యోగి చేతిలోని బిల్లింగు యంత్రానికి పాత రీడింగు తెలుసు, కొత్త రీడింగు ఆయనే కొడతాడు. ఆ ఇంటి గత ఆరు నెలల సగటుకు వాడకం ఒకటిన్నర రెట్లు దాటితే అదే రోజు ఫోనుకు తెలుగులో సందేశం వెళ్లాలనీ, బిల్లు మీద అదే మాట అచ్చు కావాలనీ నిబంధన పెట్టడానికి కొత్త పరికరం అక్కరలేదు. దానికి ఒక కొక్కెం మాత్రం తప్పనిసరిగా తగిలించాలి: హెచ్చరిక పంపని సంస్థకు, సగటుకు మించిన వాడకం మీద సొమ్ము వసూలు చేసే హక్కు ఉండకూడదు. ఆ కొక్కెం లేని నిబంధన కాగితం మీదే మిగిలిపోతుంది.

చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వాలే. విద్యుత్తు, కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలో ఉండడం వల్ల కేంద్రం 2020లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను తెచ్చి, సేవలో లోపానికి పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని దేశమంతటికీ వర్తింపజేయగలిగింది. నీటి సరఫరా రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనిది. కరెంటు విషయంలో దక్కిన ఆ హామీ నీటి విషయంలో ఇంకా దక్కలేదంటే కారణాల్లో ఇదొకటి.

ప్రశ్న: మా నగరంలో ఐదు నెలలు రీడింగుకు ఎవరూ రాలేదు, సగటు బిల్లులు ఇస్తూ వచ్చారు. ఆరో నెలలో ఒక్కసారిగా పద్నాలుగు వేల రూపాయల బిల్లు వచ్చింది. తవ్వించి చూస్తే మీటరుకూ సంపుకూ మధ్య ప్రహరీ పక్కన గొట్టం పగిలి ఉంది. మీటరు దాటాక బాధ్యత మీదేనంటున్నారు. నేను చెల్లించక తప్పదా?
– ఊరూ పేరూ వద్దన్న పాఠకుడు

జవాబు: మీటరు దాటిన గొట్టం మీదే, దాన్ని బాగుచేయించే ఖర్చూ మీదే. అక్కడి వరకు వాళ్ల మాట నిజం. కానీ మొదటి నెలలోనే రీడింగు తీసి ఉంటే లీకు మొదటి నెలలోనే బయటపడేది, మిగిలిన నెలల నష్టం రీడింగు తీయకపోవడం వల్ల వచ్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(11) సెక్షను, వినియోగదారుడికి నష్టం కలిగించిన నిర్లక్ష్యాన్నీ, అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడాన్నీ 'సేవాలోపం' కిందనే లెక్కిస్తుంది. కావాలని దాచారని రుజువు చేయడం కష్టం కనుక, మీరు నిర్లక్ష్యం మీదనే నిలబడండి. పూర్తిగా ఉచితంగా అందే సేవకు ఆ చట్టం వర్తించదు, మీరు బిల్లు కడుతున్నారు కనుక ఆ అడ్డంకి లేదు.

ముందుగా ప్లంబరు రసీదు, పగిలిన గొట్టం ఫొటోలు, గత ఏడాది బిల్లులు, మరమ్మతు తర్వాత రెండు వారాల పాటు మీరే రోజూ రాసుకున్న రీడింగులు జతచేసి, బిల్లును సవరించమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కనెక్షను తెగకుండా మామూలు సగటు మొత్తాన్ని, అభ్యంతరం తెలుపుతూనే, కట్టేయండి. సవరించకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. సేవ కోసం చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపుంటే రుసుము లేదు, వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు.

ప్రశ్న: మాది చిన్న పట్టణం. కుళాయికి మీటరే లేదు, నెలకింత అని కడతాం. మమ్మల్ని ఎవరు హెచ్చరిస్తారు?
– ఒక గృహిణి

జవాబు: మీటరు లేనిచోట హెచ్చరించడానికి సంస్థ దగ్గర ఆధారమే ఉండదు, మీరే చూసుకోవాలి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, సంపులోకి ఒక కర్ర దించి తడి ఎంతవరకు వచ్చిందో సుద్దతో గీత పెట్టండి. తెల్లవారి నీళ్లు వాడకముందే మళ్లీ దించితే, తడి గీతకు కిందనే ఆగితే సంపు గోడ ఇంకుతున్నట్టు. నీళ్లు వదిలే రోజున సంపు పొర్లుతుంటే బాల్ వాల్వు పట్టేసిందేమో చూడండి. ఫ్లష్ ట్యాంకుకు ఇంకా తేలిక: బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఎవరినీ ఫ్లష్ నొక్కవద్దనండి. కమోడులో నీళ్లు నీలంగా మారితే రబ్బరు మూత మార్పించండి. మా ఇంట్లో ఈ పరీక్ష చేసినప్పుడు రెండింటిలో ఒకటి నీలమైంది, అదీ నెల క్రితం కొత్తగా బిగించినదే.