సముద్రపు గాలిలో గోల్ఫ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాంచెస్టర్‌లో ఉంటున్న నలుగురు తెలుగు మిత్రులం. మా హ్యాండిక్యాప్‌లు (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మేలు) 14 నుంచి 24 దాకా ఉన్నాయి. ఏప్రిల్, అక్టోబర్ మధ్య నాలుగు ట్రిప్పులు వేసి, ఇంగ్లండ్, స్కాట్లాండ్ తీరాల్లోని లింక్స్ కోర్సులు (సముద్రం ఒడ్డున ఇసుక నేల మీది గోల్ఫ్ మైదానాలు) ఆడాలనుకుంటున్నాం. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ తప్పకుండా ఉండాలి. ఎలా ప్లాన్ చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, మాంచెస్టర్

జవాబు: కోర్సుల జాబితా పక్కన పెట్టి, ముందు ఊళ్ళ జాబితా రాసుకోండి. ఒక ట్రిప్పుకు ఒకే బస. రోజుకో ఊరు మారితే సామాన్లు సర్దుకోవడానికి, డ్రైవింగ్‌కే సగం రోజు పోతుంది. వాన పడి ఒక రౌండ్ రద్దయితే దాన్ని మర్నాటికి జరుపుకునే వీలుండదు. మూడు రోజులకు మూడు రౌండ్లు బుక్ చేసి, ఒక పూట ఖాళీగా వదలండి.

మొదటి ట్రిప్పు ఏప్రిల్ చివర, మీకు దగ్గరలోని సౌత్‌పోర్ట్ తీరానికి. లివర్‌పూల్ నుంచి సౌత్‌పోర్ట్ వెళ్ళే లోకల్ రైలు ఈ కోర్సుల పక్కనుంచే పోతుంది. హాల్ రోడ్‌లో దిగితే వెస్ట్ లాంకషైర్, ఫ్రెష్‌ఫీల్డ్‌లో దిగితే ఫార్మ్‌బీ, హిల్‌సైడ్‌లో దిగితే హిల్‌సైడ్, రాయల్ బర్క్‌డేల్ నడిచి వెళ్ళేంత దూరం. 2026 జులైలో ఓపెన్ ఛాంపియన్‌షిప్ పోటీ బర్క్‌డేల్‌లోనే కనుక ఆ ఏడాది అక్కడ టీ టైమ్ (ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే సమయం) మీద ఆశ పెట్టుకోవద్దు. ఇసుక దిబ్బల మధ్య సాగే హిల్‌సైడ్ చివరి తొమ్మిది హోల్స్ ఆడితే మీకు ఆ లోటు తెలియదు.

రెండోది జూన్‌లో, సెయింట్ ఆండ్రూస్. అప్పుడక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకే వెలుగొస్తుంది, రాత్రి పదింటి దాకా సూర్యుడుంటాడు. పొద్దున ఒక రౌండ్, సాయంత్రం మరొకటి హాయిగా ఆడొచ్చు. మూడోది ఆగస్టు చివర ఎయిర్‌షైర్‌కి: ప్రెస్ట్‌విక్, రాయల్ ట్రూన్, వెస్టర్న్ గెయిల్స్. 1860లో మొట్టమొదటి ఓపెన్ జరిగింది ప్రెస్ట్‌విక్‌లోనే. రైలు స్టేషన్ మొదటి టీ పక్కనే ఉంటుంది, మొదటి హోల్ కుడివైపు పొడుగునా రైలు పట్టాలే. నాలుగోది సెప్టెంబర్ చివర ఎడిన్‌బరాకు తూర్పున గలన్, నార్త్ బెర్విక్. ఆగస్టులో ఎడిన్‌బరా ఉత్సవాల వల్ల గదుల ధరలు మండిపోతాయి, అందుకే దీన్ని వెనక్కి జరిపాం.

బుక్ చేసే ముందు ప్రతి క్లబ్బునీ ఒక ప్రశ్న తప్పక అడగండి: గ్రీన్లకు (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డికి) రంధ్రాలు పొడిచే పని ఏ వారంలో? వసంతంలో, శరదృతువులో గ్రీన్ల నిండా చిన్న చిన్న మట్టి కడ్డీలు తీసి ఇసుక నింపుతారు. గడ్డి వేళ్ళకు గాలి, నీరు అందాలంటే ఇది తప్పదు. కానీ ఆ తర్వాత రెండు మూడు వారాలు పుట్ చేసిన బంతి గెంతుతూ పోతుంది. పూర్తి ఫీజు కట్టి అలాంటి గ్రీన్ల మీద ఆడటం బాధాకరం.

ఇక ఓల్డ్ కోర్స్. ఖాయమైన టీ టైమ్‌కి ముందు ఏడాదే దరఖాస్తు పెట్టాలి. అది దొరక్కపోతే బ్యాలట్ అనే లాటరీ ఉంది. ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటల లోపు పేర్లివ్వాలి. ఇద్దరికి తగ్గకుండా, నలుగురికి మించకుండా ఉండాలి. మంగళవారం ఆడాలంటే ఆదివారం, బుధవారానికి సోమవారం పేర్లివ్వాలి. ఆదివారాలు సాధారణంగా ఓల్డ్ కోర్స్ మూసి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు పిల్లలతో, కుక్కలతో ఫెయిర్‌వేల మీద షికారు చేస్తారు. చాలామంది శుక్రవారం దిగి ఆదివారం తిరుగు ప్రయాణం పెట్టుకుంటారు. అలా చేస్తే మీకు మిగిలేది శనివారం ఒక్కటే, దాని లాటరీ గురువారమే అయిపోతుంది. శనివారం దిగి గురువారం దాకా ఉండండి. సోమ, మంగళ, బుధ, గురువారాలకు నాలుగు లాటరీలు వేయొచ్చు.

ఆ రోజుల్లో వేరేచోట వేసుకునే టీ టైమ్‌లు జరుపుకునే వీలున్నవై ఉండాలి. రద్దు గడువు ఎప్పటిదాకా అని ముందే రాతపూర్వకంగా అడగండి. న్యూ, జూబిలీ కోర్సులు పక్కనే ఉన్నాయి. కాస్త దూరంలోని ఈలీ కూడా మంచి కోర్సు. మొదటి టీ ముందు గుట్ట అడ్డం కాబట్టి, ముందున్నవాళ్ళు కదిలారో లేదో చూడటానికి అక్కడ జలాంతర్గామి పెరిస్కోప్ పెట్టారు. అక్టోబర్ మొదట్లో మాత్రం ఆ ప్రాంతానికి వెళ్ళొద్దు. డన్‌హిల్ లింక్స్ పోటీ కోసం ఓల్డ్, కార్నూస్టీ, కింగ్స్‌బార్న్స్ మూడూ అప్పుడు ఆటగాళ్ళ చేతిలో ఉంటాయి.

ప్రశ్న: హైదరాబాద్‌లో నా 7 ఐరన్ కర్రతో బంతి 150 గజాలు పోతుంది. స్కాట్లాండ్‌లో ఎదురుగాలికి అదే షాట్ 120 దగ్గరే పడింది. గట్టిగా కొట్టినా లాభం లేకపోయింది. గ్రీన్ పక్కన సాండ్ వెడ్జ్ కర్ర తీస్తే అది బంతి పైభాగానికి తగులుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: గట్టిగా కొట్టడమే మీరు చేసిన పొరపాటు. ఎంత బలంగా కొడితే బంతి అంత వేగంగా వెనక్కి తిరుగుతుంది. ఆ తిరుగుడే బంతిని పైకి లేపుతుంది. ఎదురుగాలి దాన్ని ఇంకా పైకెత్తి నిలబెట్టి కిందికి వదిలేస్తుంది. ఆడేవాళ్ళంతా నమ్మే కొలత ఒకటుంది. ఎదురుగాలి వేగంలో గంటకు ఒక్కో మైలుకు దూరంలో ఒక శాతం పోతుంది, వెనుకగాలి అందులో సగమే ఇస్తుంది. 20 మైళ్ళ ఎదురుగాలిలో 150 గజాలు 180తో సమానం. అంటే మూడు మెట్లు ఎక్కువ దూరం కొట్టే కర్ర, 4 ఐరన్ గానీ హైబ్రిడ్ గానీ. గ్రిప్ మీద ఒక అంగుళం కిందికి పట్టుకుని, బంతిని స్టాన్స్‌లో కాస్త వెనక్కి పెట్టి, ముప్పావు స్వింగ్‌తో మెల్లగా ఆడండి. అదే గాలి వెనకనుంచి వస్తే 150 గజాలు 135 అవుతుంది. కానీ బంతి ఆగదు, గ్రీన్ ముందే పడేలా కొట్టి దొర్లనివ్వండి.

వెడ్జ్ సంగతి నేలను బట్టి ఉంటుంది. మన దగ్గర వేడి ప్రాంతపు దట్టమైన గడ్డి మీద బంతి తేలి కూర్చుంటుంది, క్లబ్ కిందికి జారుతుంది. లింక్స్ నేల ఇసుక, దాని మీద సన్నటి ఫెస్క్యూ గడ్డి పొట్టిగా, గట్టిగా ఉంటుంది. 12, 14 డిగ్రీల బౌన్స్ (కర్ర అడుగు కిందికి ఉబ్బే కోణం) ఉన్న వెడ్జ్ అడుగు ఆ నేలకు తగిలి ఎగురుతుంది, దాని అంచు బంతి నడుముకు కొడుతుంది. 6, 8 డిగ్రీల బౌన్స్ ఉన్నది తీసుకెళ్ళండి. అంతకంటే మంచిది, గ్రీన్‌కి 30 గజాల లోపు ఉంటే పుటర్ గానీ 8 ఐరన్ గానీ తీయండి. లింక్స్ ఆట మనసుకు పట్టేది ఈ దొర్లే షాట్‌లతోనే.

ప్రశ్న: బావిలాంటి బంకర్లలో (ఇసుక గుంటల్లో) బంతి గోడకు ఆనుకుంటే, పసుపు పూల ముళ్ళపొదల్లో పడితే రూల్స్ ఏం చెబుతాయి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: బంకర్లో బంతి ఆడలేనిదని మీరే ప్రకటించి, ఒక స్ట్రోక్ పెనాల్టీతో బంకర్ లోపలే డ్రాప్ చేయొచ్చు. రెండు స్ట్రోక్‌ల పెనాల్టీతో బయటికీ తీసుకోవచ్చు: జెండా, బంతి ఉన్న చోటు కలిపే గీత మీద బంకర్ వెనక డ్రాప్. గోడ మరీ ఎత్తయితే వెనక్కి గానీ పక్కకి గానీ కొట్టి బయటపడండి.

ఆ ముళ్ళపొద పేరు గోర్స్. వెతకడానికి మూడు నిమిషాలే గడువు. కాబట్టి అటు వెళ్ళిందనిపిస్తే కదలకముందే ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరక్కపోతే ఆడేది) కొట్టండి. ఆ మాట పైకి చెప్పి కొట్టాలి, లేదంటే మొదటి బంతి పోయినట్టే లెక్క.

ప్రశ్న: మా అబ్బాయి ఎడిన్‌బరాలో ఉన్నాడు. వేసవిలో వెళ్ళి ఆడాలని ఉంది. ఏ కాగితాలు కావాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ క్లబ్ ద్వారా హ్యాండిక్యాప్ ఇండెక్స్ సర్టిఫికెట్ తాజాగా తీసుకోండి. పేరున్న కోర్సులు అడుగుతాయి. భారత్, బ్రిటన్ రెండూ 2020 నుంచి ఒకే ప్రపంచ పద్ధతిలో ఉన్నాయి, మీ అంకె అక్కడ చెల్లుతుంది. అయితే ఒక్కో కోర్సులో అది మారుతుంది. ఇండెక్స్‌ని స్లోప్‌తో (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో భాగించి, కోర్స్ రేటింగ్‌లోంచి (మేటి ఆటగాడికి అక్కడ రావాల్సిన స్కోరు) పార్ తీసేసిన అంకె కలపాలి. ఇండెక్స్ 18, స్లోప్ 132, రేటింగ్ 73.1, పార్ 72 అయితే 22 వస్తుంది.

బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. రాయల్ పోర్ట్‌రష్ ఉన్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం, ఆ వీసా చాలు. అక్కడినుంచి కారులో దక్షిణానికి దిగితే ఐర్లాండ్ అనే వేరే దేశం. సరిహద్దులో ఎవరూ ఆపకపోయినా అనుమతి ఉండాల్సిందే.

ప్రశ్న: జూన్‌లో వెళ్తున్నాం కదా, వాన కోటు ఒక్కటి చాలదా?
– ఒక పాఠకురాలు, లండన్

జవాబు: చాలదు. జూన్‌లో కూడా మధ్యాహ్నం 16, 17 డిగ్రీలే. తూర్పు తీరంలో సముద్రం మీంచి హార్ అనే చలిపొగమంచు ఉన్నట్టుండి కమ్ముతుంది. పల్చటి ఉన్ని బట్ట ఒకటి లోపల, దాని మీద స్వెటర్, పైన చప్పుడు చేయని వాటర్‌ప్రూఫ్ కోటు, ప్యాంటు. గొడుగు ఆ గాలిలో తిరగబడుతుంది. రెండు చేతులకూ తడిస్తే పట్టు పెరిగే రెయిన్ గ్లవ్స్ కొనండి. చాలా కోర్సుల్లో బగ్గీలు ఉండవు, నడకే. అందుకే బూట్లు రెండు జతలు తీసుకెళ్ళండి. తడిసిన జతలో రాత్రి న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, హీటర్‌కి రెండు అడుగుల దూరంలో ఉంచండి. హీటర్ మీదే పెడితే అతుకు ఊడి అడుగు విడిపోతుంది.